ప్రశ్న మారినా నిలిచే చదువు

ఒక లెక్కల మాస్టారి స్మృతిలో ఏర్పాటైన ఈ వేదిక మీద ప్రవేశ పరీక్షల గురించి మాట్లాడటం సముచితమని అనుకుంటున్నాను. తెలుగునాట పదో తరగతి దాటిన పిల్లల చదువు గురించి ఎవరు మాట ఎత్తినా అది ఎంసెట్, జేఈఈ, నీట్‌ల దగ్గరే తేలుతోంది. ఈ చర్చలో రెండు పక్షాలు తరచుగా వినిపిస్తాయి. అనర్థమంతా పరీక్షల వల్లే కాబట్టి వాటిని ఎత్తేయాలని ఒక పక్షం. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, పిల్లల్ని ఇలాగే తోమక తప్పదని రెండో పక్షం. ఇంతగా విభేదించే ఈ ఇద్దరూ ఒక మాట మీద మాత్రం కలుస్తారు: పరీక్షకు తయారుచేయడం వేరు, చదువు చెప్పడం వేరు. నా పేచీ ఆ మాటతోనే. ఇంటర్ పాఠాన్ని, ప్రశ్న ఏ వైపు నుంచి వచ్చినా నిలిచేంత గట్టిగా చెప్పడమే ప్రవేశ పరీక్షకు అసలైన తయారీ. ఈ రెండింటినీ విడదీసినందువల్ల చదువు చెడింది. తయారీ కూడా మనం నమ్ముతున్నంత బాగా లేదు. దీన్ని ఆధారాలతో చూపించడానికి ప్రయత్నిస్తాను.

విడదీయడం ఒక్కరోజులో జరిగింది కాదు. ఐఐటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష 1960ల మొదట్లోనే వచ్చినా చాలాకాలం అది కొద్దిమంది వ్యవహారంగానే ఉండిపోయింది. 1986లో మొదలైన ఎంసెట్ మాత్రం ఎంపీసీ, బైపీసీ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ చేరింది. 2006లో ఐఐటీలు వివరంగా రాసే పేపరును తీసేసి మొత్తం పరీక్షను ఆబ్జెక్టివ్‌గా మార్చాయి. లెక్క ఎలా చేశావో చూపించాల్సిన అవసరం ఆ రోజుతో పోయింది, చివర వచ్చే జవాబు ఒక్కటే మిగిలింది. లక్షల జవాబు పత్రాలు దిద్దడం కష్టమేనని ఒప్పుకుంటాను, కానీ ఈ మార్పు ప్రభావం తరగతి గదిలో ఎంత లోతుకు వెళ్తుందో అప్పుడు ఎవరూ లెక్కవేసినట్టు లేదు. ఇంటర్ చదువుకూ ప్రవేశానికీ ముడి తెగకుండా ఉంచే ప్రయత్నాలూ జరిగాయి. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. జేఈఈ మెయిన్ 2013 నుంచి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం ఇచ్చి, 2017లో విరమించుకుంది. తెలంగాణ 2023లో ఎంసెట్ వెయిటేజీని ఎత్తివేసింది, ఆంధ్రప్రదేశ్ కొనసాగిస్తోంది. ఒక బోర్డు మార్కును మరో బోర్డు మార్కుతో పోల్చడం కష్టమే, మార్కులు ఉదారంగా వేసే బోర్డు పిల్లలకు లాభం కలుగుతుందన్న ఫిర్యాదులోనూ నిజముంది. అయితే ముడి సడలాక ఇంటర్ పరీక్ష చాలా కళాశాలల్లో చివరి వారాల్లో ముగించే లాంఛనంగా మారింది. పాఠ్యాంశాలు మాత్రం వేరు కాలేదు. ఎంసెట్ అడిగేది ఇంటర్ సిలబస్సే, జేఈఈ మెయిన్, నీట్ అడిగేవి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పాఠాలకు దగ్గరగా ఉండేవే. ఒకే పాఠాన్ని రెండు వేర్వేరు చదువులుగా చేసుకున్నది మనమే.

ఈ పరీక్షలు నిజంగా ఏం కొలుస్తాయో ఒకసారి నిదానంగా చూద్దాం. ఇంజనీరింగ్ ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు దక్కుతాయి. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు, తప్పుకు మార్కు కోత లేదు. జనరల్ కేటగిరీలో అర్హత మార్కు 25 శాతం, అంటే 160కి 40. ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా చదవకుండా ప్రతిదానికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేవారి సంగతి చూడండి. నాలుగింట ఒకటి చొప్పున వారికి సగటున వచ్చేవి కూడా 40 మార్కులే. అర్హత గీతను అక్కడ ఉంచారంటే ఈ పరీక్ష ఎవరికి ఏం వచ్చో ధ్రువపరచే ఉద్దేశంతో పెట్టింది కాదని తేలుతోంది. పిల్లల్ని వరసలో నిలబెట్టడమే దాని పని. వరస కట్టడానికి అది పనికొస్తుంది, అందులో తప్పు లేదు. కానీ వరస కట్టే సాధనాన్నే రెండేళ్ల చదువుకు నమూనాగా తీసుకుంటే, పాఠంలో నిమిషం పైచిలుకులో తేలనిదంతా పనికిరానిదిగా కనిపించడం మొదలవుతుంది. సమితులు, అవధులు, అవకలనాల్లో ఉపపత్తులన్నీ అలా పక్కకు పోయినవే. సూత్రం ఎక్కడ నుంచి వచ్చిందో అడిగే విద్యార్థికి, అది పరీక్షలో రాదు అనే జవాబు ఒక బోధన పద్ధతిగానే స్థిరపడింది.

రెండో ఉదాహరణ దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. దేశంలో అత్యంత కఠినమైనదని పేరున్న జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో 2024లో కామన్ ర్యాంకు జాబితాకు కావలసిన కనీస మొత్తం 360కి 109. మూడింట ఒక వంతు కన్నా తక్కువ. నూటికి తొంభై తెచ్చుకోవడానికి అలవాటుపడిన కుటుంబాలకు ఈ అంకె ఆశ్చర్యం కలిగిస్తుంది, కానీ దీని అర్థం స్పష్టం. సిలబస్ మొత్తాన్ని మూడుసార్లు పరుగున తిరగేసినవారికన్నా, సగం పాఠాలను లోతుగా పట్టుకుని వాటిలో తప్పు చేయకుండా రాగలిగినవారికే అక్కడ చోటుంది. పైగా ఆ పరీక్ష తన నమూనాను ముందే ప్రకటించదు. మొత్తం మార్కులు 2018లో 360, 2019లో 372, 2020లో 396. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలు, అంకె వేయాల్సిన ప్రశ్నలు, పాక్షిక మార్కులు ఏటా స్థానం మారుస్తూ ఉంటాయి. పరీక్షాధికారులు కావాలనే చేస్తున్న పని ఇది. అలవాటైన ప్రశ్నకు అలవాటైన జవాబు ఇచ్చేవారిని, తెలియని ప్రశ్న ముందు ఆలోచించగలిగేవారిని వేరుచేయడానికి అంతకు మించిన మార్గం వారికీ లేదు.

అలవాటుకూ చదువుకూ ఉన్న ఈ తేడాను విద్యా పరిశోధకులు చాలాకాలం కిందటే కొలిచారు. అమెరికాలో డేనియల్ కొరెట్జ్, ఆయన సహచరులు 1991లో వెల్లడించిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుచేయాలి. ఒక పాఠశాలల జిల్లాలో మూడో తరగతి గణితానికి ఏళ్ల తరబడి వాడిన పరీక్షను మార్చి మరొకటి పెట్టారు. మొదటి ఏడు సగటు బాగా పడిపోయింది. తర్వాతి ఏళ్లలో కొత్త పరీక్ష మీద క్రమంగా పాత ఎత్తుకు చేరింది. బోధన మెరుగైందని అందరూ అనుకునే సమయంలో పరిశోధకులు పాత పరీక్షనే మళ్లీ కొందరు పిల్లలకు ఇచ్చి చూశారు. అందులో ఇప్పుడు మార్కులు తగ్గాయి. పెరిగింది గణితం కాదు, ఆ ఒక్క ప్రశ్నపత్రంతో పరిచయం.

మన దగ్గరి సాక్ష్యం ఇంకా సూటిగా ఉంది. 2024 నీట్ ఫలితాల్లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి. ఆ ఏటి లీకేజీలు, గ్రేస్ మార్కుల వివాదాలు అందరికీ తెలుసు. నేను చూపించదలచుకున్నది ఆ పేపరులోని ఒక భౌతికశాస్త్ర ప్రశ్న. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవని, అవి తమ విశిష్ట వర్ణపటాన్ని వెలువరిస్తాయని అందులో ఒక వాక్యం ఉంది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ వాక్యం సరైనదిగానే ఉంది, కొత్త ముద్రణలో మార్చారు. రెండు జవాబులకూ మార్కులు ఇచ్చారు. విషయం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల అభిప్రాయం అడిగింది. ఆ వాక్యం తప్పని, సరైన జవాబు ఒక్కటేనని వారు తేల్చారు. నాలుగు లక్షలకు పైగా విద్యార్థుల మార్కులు తగ్గాయి, గ్రేస్ మార్కులు తీసేశాక 61కి తగ్గిన పూర్తి మార్కులవారు 17కు వచ్చారు. రేడియోధార్మికత ప్రస్తావన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనే ఉంది. యురేనియం పరమాణువు స్థిరమైనది కాదని ఆ విద్యార్థుల్లో చాలామంది మరో పేజీలో చదివే ఉంటారు. రెండు పాఠాలను కలిపి ఆలోచించే అలవాటు లేకపోవడం వల్ల, పుస్తకంలో అచ్చయిన వాక్యం చూసిన వెంటనే నమ్మారు. పిల్లల మీద ఇది నింద కాదు. ఎన్‌సీఈఆర్‌టీని గీత గీతగా బట్టీ పట్టమని వాళ్లకు చెప్పింది మనం. ఏడాదిపాటు ఆ సలహాను నమ్మి నిద్ర మానుకున్న పిల్లలకు ఆ సలహానే నష్టం చేసింది.

ఇక్కడ కార్పొరేట్ కళాశాలలకు న్యాయం చేయాల్సిన ఒక మాట ఉంది. తరచుగా పరీక్షలు పెట్టడం వృథా అనే వాదన తప్పు. మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికె 2006లో వెల్లడించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. వీకెండ్ టెస్టులు, గ్రాండ్ టెస్టులు, తప్పుల నోటుబుక్ అనే పద్ధతిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలు తమది చేసుకోలేకపోవడం మనం పెద్దగా గమనించని లోటు. కానీ ఆ టెస్టును ఏ తీరున పెడుతున్నామన్నది అంతే ముఖ్యం. రోరర్, టేలర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఘనపరిమాణాల లెక్కలతో చేసిన ఒక ప్రయోగాన్ని 2007లో వెల్లడించారు. ఒక గుంపు ఒక్కో రకం లెక్కను పూర్తిగా ముగించి తర్వాతి రకానికి వెళ్లింది. రెండో గుంపుకు అన్ని రకాలూ కలిపి ఇచ్చారు. సాధన సమయంలో మొదటి గుంపు 89 శాతం, రెండో గుంపు 60 శాతం సరిగ్గా చేశాయి. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మొదటి గుంపుకు వచ్చింది 20 శాతం, రెండో గుంపుకు 63. ఈ వారం చెప్పిన చాప్టరు మీద ఈ ఆదివారమే పరీక్ష పెట్టి, మార్కులు ఇంటికి మెసేజ్ పంపి, సెక్షన్ మార్చే కళాశాల ఆ 89 శాతాన్ని కొలుస్తోంది. విద్యార్థికి, తండ్రికి, కళాశాలకు ముగ్గురికీ అది సంతోషం కలిగిస్తుంది. ఏ సూత్రం వాడాలో ముందే తెలిసి చేసే లెక్కకు, ఏ సూత్రం వాడాలో నిర్ణయించుకోవాల్సిన లెక్కకు ఉన్న తేడా మే నెలలో అసలు పరీక్ష గదిలో బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది మళ్లీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరడమే.

లాంగ్ టర్మ్ మాట వచ్చింది కాబట్టి తమిళనాడు అనుభవం చెప్పుకోవాలి. నీట్ ప్రభావం మీద ఆ రాష్ట్రం నియమించిన జస్టిస్ ఏ.కె.రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వైద్యవిద్యలో చేరినవారిలో రెండోసారి లేదా అంతకు మించి రాసినవారి వాటా 2016-17లో సుమారు 12 శాతం ఉండగా 2020-21కి 71 శాతం దాటింది. మొదటి ప్రయత్నంలోనే సీటు రావడం మినహాయింపుగా మారిపోయింది. ఒకటి రెండేళ్లు సంపాదన లేకుండా పిల్లవాడిని కూర్చోబెట్టి ఫీజు కట్టగల కుటుంబానికి ఆ అంకె ఒక సౌకర్యం. కౌలురైతు కుటుంబానికి, ఆటో నడిపే తండ్రికి అది మూసుకున్న దారి. విడిగా తయారుచేసే పద్ధతి ఎంత పెరిగితే తయారీకి పట్టే కాలం అంత పెరుగుతుంది, ఆ కాలాన్ని కొనుక్కోగలిగినవారే చివరికి మిగులుతారు.

ఇక ప్రధానమైన అభ్యంతరం. ఫలితాలు చూడండి, అంటారు. ర్యాంకులన్నీ కార్పొరేట్ కళాశాలలవే కదా, 2023 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హులు అందరికన్నా ఎక్కువ హైదరాబాద్ జోన్ నుంచే కదా. నిజమే. ఆ ఫలితాల వెనక ఎంతో కష్టపడిన పిల్లలున్నారు, సమర్థులైన అధ్యాపకులున్నారు. కానీ ప్రకటనలో కనిపించే పది ముఖాల కింద ఎంతమంది చేరారన్నది ఎప్పుడూ ఉండదు. వేయి మందిలో పదిమందా, లక్ష మందిలో పదిమందా అన్నది తెలియకుండా బోధన గురించి ఏ నిర్ధారణకూ రాలేం. రెండోది, ఆ పదిమంది చేరకముందే స్కాలర్‌షిప్ టెస్టులతో ఏరినవారు. ఏరి చేర్చుకోవడం మంచి సంస్థల్లోనూ ఉంది. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారు నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లో సీటుకే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది, ఆ ప్రవేశ పరీక్షకు మళ్లీ కోచింగ్‌లు వెలిశాయి. ఆయన పాఠం గొప్పదని అంగీకరిస్తూనే, ఆ ఫలితాల్లో ఏరికకు ఎంత భాగం, పాఠానికి ఎంత భాగం అని అడగడం అగౌరవం కాదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల గౌలిదొడ్డి కళాశాల నుంచి నిరుపేద పిల్లలు ఐఐటీలకు, మెడికల్ కాలేజీలకు వెళ్లినప్పుడు మనమందరం సంతోషించాం. ప్రభుత్వ వ్యవస్థ ఈ పని చేయగలదని అది నిరూపించింది. అక్కడా ఏరిక ఉంది కాబట్టి, మామూలు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఏరకుండా చేర్చుకున్న పిల్లలకు అదే పాఠం అందుతోందా అన్నదే మన అసలు పరీక్ష కావాలి. కోచింగ్ సంస్థలు తప్పుదారి పట్టించే ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మన ఇంటర్ బోర్డులు ఒక అడుగు ముందుకు తీసుకువెళ్లి, ప్రకటించిన ప్రతి ర్యాంకు పక్కనా ఆ ఏడు ఆ పరీక్షకు ఆ సంస్థ నుంచి కూర్చున్న మొత్తం విద్యార్థుల సంఖ్యను తప్పనిసరి చేయాలి.

మరో అభ్యంతరం మరింత బరువైనది. అందరికీ బాగా చదువు చెబితే అందరి మార్కులూ పెరుగుతాయి, సీట్లు అన్నే ఉంటాయి, నా బిడ్డ ర్యాంకు మారదు కదా అని ఒక తండ్రి అడగవచ్చు. ఆయన లెక్క సరైనదే. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైగా. 23 ఐఐటీల్లో సీట్లు 17,740. ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్ర నిధులతో నడిచే ఇతర సంస్థలు కలిపినా 60 వేలకు అటూ ఇటూ. ర్యాంకు ఒకరికి వస్తే మరొకరికి రాదు. సరిగ్గా అందుకే నేను తయారీని చదువుతో కలపమంటున్నాను. మిగిలిన 13 లక్షలకు పైగా పిల్లలకు రెండేళ్ల తర్వాత సీటు తెచ్చే ర్యాంకు ఉండదు. వాళ్లకు మిగిలేది ఆ రెండేళ్లలో నేర్చుకున్నది మాత్రమే. అది ఒక పరీక్ష నమూనాతో పరిచయమైతే ఆ పరీక్ష ముగిసిన సాయంత్రం దాని విలువ పోతుంది. అది కలనం, యాంత్రికశాస్త్రం, రసాయన బంధాల మీద పట్టయితే జిల్లా ఇంజనీరింగ్ కళాశాలలోనూ, డిగ్రీలోనూ, పాలిటెక్నిక్ పాఠం చెప్పే ఉద్యోగంలోనూ పనికొస్తుంది. ర్యాంకు వచ్చిన పిల్లవాడికి కూడా ఐఐటీ మొదటి సెమిస్టరులో కావలసింది ఈ రెండోదే. ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకోని, టైట్రేషన్ చేతితో చేయని ఇంటర్ విద్యార్థులు వేలల్లో ఉన్నారని, ప్రాక్టికల్ మార్కులు మాత్రం అందరికీ నిండుగా పడుతున్నాయని ఈ సభలో కూర్చున్న అధ్యాపకులకు నేను చెప్పాల్సిన పనిలేదు.

పరీక్ష లేకపోతే పేదపిల్లలకు తలుపు ఏది అని అడిగేవారితో నాకు విభేదం లేదు. పరీక్షలు ఉండాలి. ఎవరి సిఫారసూ లేకుండా ఊరి పిల్లవాడు లోపలికి రాగలిగిన దారుల్లో ఇది ముఖ్యమైనది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి గ్రేడుల మీద సీట్లిచ్చి, ప్రభుత్వ బడుల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపింది. అది వేలమంది గ్రామీణ పిల్లలకు మేలు చేసిన నిర్ణయం. అయితే దాంతో పదో తరగతి గ్రేడే కొత్త లక్ష్యం అయింది, పూర్తి పది పాయింట్లు వచ్చినవారి సంఖ్య పెరిగి వారిని వేరుచేయడం కష్టమైంది. దేన్ని ద్వారంగా పెట్టినా దాని చుట్టూ తయారీ అల్లుకుంటుంది. కాబట్టి ద్వారాన్ని మార్చడం కన్నా, తయారీ చదువు వైపు తిరిగేలా ద్వారాన్ని మలచడం మీద మన శక్తి పెట్టడం మంచిది. వేగం సాధన చేయాలా అంటే చేయాలి. చివరి మూడు నాలుగు నెలలు గడియారం పెట్టుకుని పూర్తి పేపర్లు రాయడం అవసరమే. రెండేళ్లనూ గడియారానికి అప్పగించడమే నా అభ్యంతరం. భాష విషయంలోనూ ఇదే దృష్టి కావాలి. జేఈఈ మెయిన్, నీట్ తెలుగులోనూ రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది. తెలుగు మాధ్యమంలో ఐదేళ్లు చదివి వచ్చిన పిల్లకు ప్రశ్న అర్థం కాకపోవడం భౌతికశాస్త్రం రాకపోవడంగా నమోదవుతోంది, ఇది కొలతలో లోపం.

ఇంతవరకు మార్కుల గురించి మాట్లాడాను. ప్రాణాల గురించి కూడా మాట్లాడాలి. దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థుల సంఖ్య 13,044 అని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. అన్నిటికీ పరీక్షలే కారణం కావు. అయినా విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానాలని అందులో ఉంది. ఇది దయతో చెప్పిన మాటగానే చాలామంది చదివారు. బోధన రీత్యా కూడా అది సరైన మాట. ఈ ఆదివారం మార్కును బట్టి సోమవారం సెక్షన్ మారుతుందని తెలిసిన పిల్లవాడు తనకు రానిదాన్ని బయటపెట్టడు. రానిదాన్ని బయటపెట్టని పిల్లవాడికి ఎంత గొప్ప అధ్యాపకుడైనా ఏమీ నేర్పలేడు.

చివరగా, డబ్బు పెద్దగా అవసరం లేని ఒక పని మన విశ్వవిద్యాలయాలు ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్ మీద జరిగే ఎంసెట్‌లో ప్రతి విద్యార్థి ప్రతి ప్రశ్నకు ఏ ఆప్షన్ పెట్టాడో, ఎంతసేపు తీసుకున్నాడో నమోదు చేయవచ్చు. ప్రస్తుతం ఆ సమాచారం నుంచి మనం తీసుకుంటున్నది ర్యాంకు ఒక్కటే. పేర్లు, హాల్ టికెట్ నంబర్లు తీసేసి, ఏ ప్రశ్నలో ఏ తప్పు ఆప్షన్‌ను ఎక్కువమంది ఎంచుకున్నారో జిల్లాలవారీగా, మాధ్యమంవారీగా జూన్ నెలలో ప్రతి జూనియర్ కళాశాల అధ్యాపకుడికీ అందించాలి. ఘర్షణ బలం దిశ గురించి మన పిల్లలు ఎక్కడ పొరబడుతున్నారు, మోలారిటీకీ మోలాలిటీకీ తేడా ఎంతమందికి పట్టుబడలేదు, ద్విపద సిద్ధాంతంలో ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు అన్నది అప్పుడు ఊహ మీద ఆధారపడదు. పాడేరులోనో ఉట్నూరులోనో పాఠం చెప్పే లెక్చరరు జూలైలో తొలి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితం చూసి నిర్ణయించుకుంటాడు. దానితోపాటు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పే ఖాళీ పోస్టులను తరగతులు తెరిచేలోగా భర్తీ చేయాలి. ఆ కాగితాన్ని అందుకునే మనిషి కళాశాలలో ఉండాలి కదా.